చుక్కమ్మ చేపలేదు

"చుక్కమ్మ ఈ పూట కూడా చేపలేదండి," అని మరిడమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది.

సుందరమ్మ పొయ్యి ముందు నుంచి కదల్లేదు. ఈ సంగతి ఆమెకు ఒకరు వచ్చి చెప్పాలా? తెల్లారినప్పటి నుంచీ ఆ గేదె అరుపు పెరటిగోడ దాటి వంటింట్లోకి వస్తూనే ఉంది. ఆదివారం మొదలుపెట్టింది, ఇవాళ గురువారం. పొదుగు రాయిలా బిగిసిపోయినా పాలు కిందికి వదలదు. తవుడు పెట్టారు, తెలగపిండి పెట్టారు, వేడినీళ్ళతో పొదుగు తుడిచారు. దూడ మూతి తగిలితేనే చేపుతానని దాని పట్టు. ఆ దూడ ఎక్కడుందో ఇంట్లో ఒక్కరూ తిన్నగా చెప్పరు.

చెప్పకపోవడం అంటే ఏమీ చెప్పలేదని కాదండోయ్. రోజుకొక మాట చెప్పారు. ఆదివారం నాడు దూడకి పారుడు జబ్బు పట్టుకుంది, వామిదొడ్డిలో వేరే కట్టేశాం అన్నారు. బుధవారం పొద్దున్న దూడ కనబడటం లేదన్నారు. ఇవాళ దొంగ దొరికాడన్నారు.

దొంగట, వీరాస్వామి! మంగళవారం, గురువారం కొల్లేటి నుంచి పచ్చగడ్డి బండి తోలుకొచ్చే మనిషి. ఇవాళ పొద్దున్న బండి దిగీ దిగకముందే డైరీ మేనేజరు నిత్యానందం అతని చెయ్యి పట్టుకుని వీధి అరుగుమీద కూలేశాడు. మంగళవారం గడ్డి దింపి వెళ్ళేటప్పుడు బండిలో దూడని దాచి తీసుకుపోయాడని ఆరోపణ. మునసబుగారు మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తామని కబురు పెట్టారు. ఆయన వచ్చి కాగితం రాస్తే, రేపు పొద్దున్నకి వీరాస్వామి పోలీసుల చేతిలో ఉంటాడు.

అతను అరుగుమీద గట్టిగా ఏడవలేదు, తిట్టలేదు. తలుపు సందులోంచి సుందరమ్మ విన్నది ఒక్క మాటే. "తల్లిని వదిలేసి దూడని తీసుకెళ్ళడం మా వాళ్ళలో ఎవరూ చెయ్యరండి. బతకదు గదండి," అన్నాడు.

ఆ మాట సుందరమ్మను పట్టుకుని వదలడం లేదు.

ఆమె ఈ ఇంటికి కోడలై వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఉంగుటూరు చుట్టుపక్కల రాజుల లోగిళ్ళన్నిటిలాగే ఇక్కడా గోషా ఉంది. ఆడవాళ్ళు లోపలి వాకిలి దాటరు. దాటితే తెర కట్టిన బండిలోనే. వీధి అరుగూ, సావిడీ, గేదెల షెడ్డూ మగవాళ్ళవి. వంటిల్లు, దేవుడి గది, పెరడు ఆడవాళ్ళవి. పెరటి గోడకి ఒక చిన్న తలుపుంది. దాని అవతలే షెడ్డు. ఆ తలుపులోంచి మరిడమ్మ రోజుకి పదిసార్లు వెళ్ళొస్తుంది. సుందరమ్మ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

చుక్కమ్మ మాత్రం ఆమెదే. ముదినేపల్లి నుంచి తండ్రి బాపిరాజు తోలించిన గేదె. నుదుటిమీద తెల్లచుక్క ఉందని ఆ పేరు. నిరుడు సుందరమ్మకు కొడుకు పుట్టినప్పుడు బిడ్డ పాలకని పంపించాడు. బిడ్డ పదకొండు రోజులే బతికాడు. పాలు పొంగుతున్న గుండెలకి అత్తగారు మల్లెపూలు పరిచి బట్టతో బిగించి కట్టారు, పాలు ఇంకిపోవడానికి. పాలు ఇంకడానికి వారం పట్టింది. గేదెని ఏం చేస్తారు? డైరీలో కట్టేశారు.

డైరీ అంటే ముప్పై గేదెలు, రేకుల కప్పు, సిమెంటు నేల, మెడకో గొలుసు. సుందరమ్మ భర్త అబ్బాయిరాజు రెండేళ్ళ కిందట పెట్టాడు. అంతకుముందు ఇంట్లో ఉన్న పన్నెండు గేదెల్నీ ఎండాకాలం రాగానే ఈ వీరాస్వామే కొల్లేటికి తోలుకుపోయేవాడు. నీరు తీసిన మేర పచ్చిక మొలిచేది. దూడలతో సహా అక్కడే మేసి, అక్కడే మడుగుల్లో పొర్లి, తొలకరికి కండపట్టి తిరిగొచ్చేవి. ఇప్పుడు గేదె గుంజ దగ్గరినుంచి కదలదు. గడ్డే దాని దగ్గరికి వస్తుంది. పాలు కేనుల్లోకెక్కి రైల్లో ఏలూరు కాఫీ హోటళ్ళకి పోతాయి. మద్రాసులో పెద్ద పాల కంపెనీలో పనిచేసి వచ్చిన నిత్యానందం ఇదంతా నేర్పాడు. మొన్న బ్లాకు ఆఫీసరు వచ్చి చూసి, జిల్లాకే ఆదర్శం అన్నాడట.

ఆదర్శం సంగతి మనకి తెలియదు గాని, సుందరమ్మకు ఒక సంగతి తెలుసు. జున్ను సంగతి.

గేదె ఈనితే జున్నుపాలు వంటింటికి రావాలి. షెడ్డు ఎంత కొత్తదైనా ఆ ఆచారం మానలేదు. సుందరమ్మ బెల్లం, మిరియాలు వేసి కాచి ఇరుగుపొరుగుకి పంచుతుంది. ఈ ఏడాది తొమ్మిదిసార్లు కాచింది. గోడ అవతలినుంచి వినిపించే దూడల గొంతులు మాత్రం రెండే. మిగతావి ఒక వారం వినిపిస్తాయి, రెండు వారాలు వినిపిస్తాయి, తరువాత ఉండవు. ఆమె షెడ్డు చూడకపోవచ్చు. చెవులు గోషాలో లేవు గదా.

చుక్కమ్మ ఈనిన నాడు, దున్నదూడ పుట్టిందనీ, నుదుటిమీద తల్లి చుక్కే ఉందనీ మరిడమ్మ చెప్పింది. మంచి జాతి గనక మగదూడ పుడితే తనకి పంపించమని బాపిరాజు ముందే అడిగి ఉన్నాడు. సుందరమ్మ ఆ రోజే ఉత్తరం రాసింది. దూడని తీసుకెళ్ళడానికి ఆయన రేపు, శుక్రవారం వస్తున్నాడు. ఎవరికి ఏ తొందర వచ్చి దొంగని పట్టుకున్నారో ఈపాటికి మీకు తోచే ఉంటుంది. సుందరమ్మకూ తోచింది. తోచినా రుజువేదీ?

ఆమె దూడని చూడనే లేదు. చూస్తానంటే అత్తగారు వీరరాఘవమ్మ వద్దన్నారు. "బిడ్డపోయిన చూపు పసిదూడమీద పడకూడదు అమ్మాయీ," అన్నారు. అది విన్న రోజు సుందరమ్మ అన్నం తినలేదు. ఎవరూ తినమని అడగనూ లేదు.

"మరిడమ్మా, ఆ ఉప్పు జాడీ ఇలా తే," అంది ఇప్పుడు.

మరిడమ్మ ముఖం చిన్నబోయింది. శనివారం నిండా పోసిన కల్లుప్పు ఆదివారం సాయంత్రానికి సగమైంది. పసుపు డబ్బా కూడా అడుగంటింది. ఇంట్లోకి వచ్చిపోయే మనిషి మరిడమ్మ ఒక్కతే. సుందరమ్మ పైకి ఏమీ అనలేదు. అనకపోయినా జాడీ పై గట్టుమీదికి ఎక్కించి, కావలసినప్పుడు తన కళ్ళ ముందే దింపించుకుంటోంది. అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే అందరి పక్కనా కూర్చుంటుంది. అబ్బాయిరాజు వీరాస్వామిని అనుమానించాడు, సుందరమ్మ మరిడమ్మని అనుమానించింది, అత్తగారు సుందరమ్మ చూపుని అనుమానించారు.

పన్నెండింటికి అబ్బాయిరాజు భోజనానికి వచ్చాడు. రాజుల ఇళ్ళలో తగువైనా అండీలతోనే సాగుతుంది. వినేవాళ్ళకి పురాణం చెప్పుకుంటున్నారేమో అనిపిస్తుంది.

సుందరమ్మ వడ్డించి, విసనకర్ర పట్టుకుని కూర్చుంది. దూడ ఆచూకీ తెలిసిందా అని మెల్లగా అడిగింది.

"ఆ సంగతి ఎన్నిసార్లు అడుగుతారండీ?" అన్నాడు తలెత్తకుండా.

"నేను అడిగింది ఒక్కసారేనండి. మీరే రోజుకొక రకంగా చెబుతున్నారు."

అతను పప్పు కలుపుకున్నాడు. రేపు మామగారు వస్తే తాను చూసుకుంటాననీ, దొంగ దొరికాడు గనక ఆయన అర్థం చేసుకుంటారనీ అన్నాడు.

"దొంగ దొరికితే దూడ కూడా దొరకాలి గదండీ," అంది సుందరమ్మ.

"ఏ లంకలో కట్టేశాడో. కొల్లేరు చిన్నదా?"

"పదిరోజుల దూడ. పారుడు పట్టుకుని నిలబడలేకుండా ఉందన్నారు. అలాంటిదాన్ని ఎత్తుకుపోయి ఏం చేసుకుంటాడండీ? దానికి పాలెవరు పడతారు?"

 పక్కగదిలో మంచం కిర్రుమంది. అత్తగారు వింటున్నారని ఇద్దరికీ తెలుసు. మూడు రోజులుగా ఆవిడ మధ్యాహ్నం పూట జపమంటూ గాదెగది తలుపేసుకుంటున్నారు. ఇవాళ మాత్రం వేలికి వడ్లగింజ గుచ్చుకుందని గుడ్డ చుట్టుకుని పొద్దుటినుంచీ పడుకునే ఉన్నారు.

సుందరమ్మ విసరడం ఆపింది.

"ఈ ఏడాది తొమ్మిదిసార్లు జున్ను కాచానండి. రెండు దూడల గొంతులే వినిపిస్తున్నాయి. రెండూ పెయ్యలేనట. దీన్ని పక్కనపెట్టినా, మిగతా ఆరు దున్నదూడలూ పారుడుతోనే పోయాయా? ఆ జబ్బు మగదూడలనే చూసి పట్టుకుంటుందా అండీ?"

"అది మగవాళ్ళ పని. మీకెందుకు?" అన్నాడు అబ్బాయిరాజు. ముద్ద విస్తట్లోనే ఉంది. "దూడ తాగిన పాలు కేనులోకి రావు. పెయ్యయితే రేపు గేదెవుతుంది, దున్న ఏమవుతుంది? ట్రాక్టర్లొచ్చే రోజులివి. మద్రాసులో అంతే, ఎక్కడైనా అంతే. చేపడానికి ఒక నిమిషం మూతి తగలనిచ్చి లాగేస్తారు. తట్టుకున్నది తట్టుకుంటుంది. అంతేగాని నేనెవర్నీ చంపమనలేదు."

"చంపడమన్న మాట నేను అనలేదండి," అంది సుందరమ్మ.

 అబ్బాయిరాజు మజ్జిగ కూడా పోయించుకోకుండా చెయ్యి కడుక్కుని సావిడిలోకి వెళ్ళిపోయాడు.

ఆమెకు ఆ క్షణాన భర్తంటే భయం వేసింది. కొడతాడనీ తిడతాడనీ కాదు. అతను అలాంటివాడు కాడు. బిడ్డపోయిన నాడు ఈ మనిషే సావిడిలో స్తంభాన్ని పట్టుకుని భోరున ఏడ్చాడు. ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనా అని భయం.

రెండున్నరకి సాయంత్రం పాలు తీయడం మొదలైంది. మూడున్నర బండికి కేనులు స్టేషనుకి చేరాలి. సుందరమ్మ పెరట్లో అప్పడాలు ఎండబెడుతూ వింటోంది. చుక్కమ్మ అరుస్తూనే ఉంది. గొంతు రాసుకుపోయి, అరుపు మధ్యలో తెగిపోతోంది. తెగినా మళ్ళీ మొదలుపెడుతోంది.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

సుందరమ్మ చేతిలో అప్పడం చేతిలోనే ఉంది. గోడ అవతల ఎవరో ఏదో అన్నారు. ఎవరో నవ్వారు. ఆ తరువాత రాగిచెంబులో పాలధార పడుతున్న చప్పుడు వినిపించింది.

మరిడమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చుక్కమ్మ చేపిందనీ, దూడ దొరికిందనీ, తల్లి దాన్ని నాకుతోందనీ ఒక్క ఊపిరిలో చెప్పింది. మగవాళ్ళు గుమిగూడి ఉంటే దూరంనుంచే చూసిందట. నుదుటిమీద చుక్క స్పష్టంగా కనబడిందట.

సుందరమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బతికే ఉంది. వీరాస్వామి ఇంటికి పోవచ్చు. రేపు నాన్నగారు దూడని బండెక్కించుకుని ముదినేపల్లి తీసుకుపోవచ్చు. భర్తని అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. సాయంత్రం ఆయనకిష్టమైన వడలు వేయాలనుకుంది.

ఆ సంతోషం ఎంతసేపో ఉండలేదు.

"మరిడమ్మా, దూడ అరిచిందా?"

"లేదండి."

"ఐదు రోజుల తరువాత తల్లి దగ్గరికొచ్చిన దూడ అరవదా? పొదుగులో మూతి పెట్టిందా?"

మరిడమ్మ ఆలోచించింది. పెట్టలేదనుకుంటానండి, కదలకుండా నిలబడే ఉందండి, అంది. ఆ మాట తన నోటినుంచి వచ్చాక తనకే ఎలాగో అనిపించినట్టుంది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడు గంటలకి కేనుల బండి స్టేషనుకి బయలుదేరింది. నిత్యానందం, పాలేర్లు దానితోనే వెళ్ళారు. అబ్బాయిరాజు సావిడిలో ఉన్నాడు. సుందరమ్మ చేతులు కడుక్కుంది. ముసుగు సర్దుకుంది. పెరటి గోడ దగ్గరికి వెళ్ళి చిన్నతలుపు గడియ తీసింది.

"అమ్మగారండి," అంది మరిడమ్మ భయంగా.

"నువ్వూ రా," అంది సుందరమ్మ.

షెడ్డులో వేడి రేకులమీదినుంచి దిగి మాడు పగలగొడుతోంది. రెండు వరసల్లో ముప్పై గేదెలు. ఒక్కొక్కదానికి కూర్చోవడానికి సరిపడా చోటు, పక్కకి తిరగడానికి లేదు. మోకాళ్ళమీద సిమెంటు రాసుకున్న పుళ్ళు. గొలుసుల చప్పుడు. చివర్న రెండు పెయ్యలు వేరే గుంజలకి కట్టేసి ఉన్నాయి, తల్లులు కనబడేంత దూరంలో, అందనంత దూరంలో. ఇన్నాళ్ళు తాను కాచిన జున్ను, తాను పోసిన కాఫీ ఇక్కడినుంచే వచ్చాయనుకుంది సుందరమ్మ.

చుక్కమ్మ మూడో గుంజ దగ్గరుంది. కళ్ళు సగం మూసుకుని, మెడ చాచి, దూడని నాకుతోంది.

దూడ నాలుగు వెదురుముక్కలమీద నిలబడి ఉంది. పొట్టలోంచి ఒకచోట ఎండుగడ్డి పొడుచుకొచ్చింది. కళ్ళున్నచోట కళ్ళు లేవు. తోలు గట్టిపడి, మెడ దగ్గర ఉప్పు తెల్లగా పొరకట్టి, పసుపు చారలు చారలుగా ఉంది. నుదుటిమీద మాత్రం తెల్లచుక్క ఉంది. గేదె ఆ చుక్కమీదే నాకుతోంది, ఆపి మళ్ళీ అక్కడే నాకుతోంది.

మరిడమ్మ గోడవైపు తిరిగి డోక్కుంది.

సుందరమ్మ తోలుమీద వేలు వేసి చూసింది. తడి తోలు ఇలా ఎండాలంటే ఎన్ని రోజులు పడుతుంది? ఉప్పు పోయింది ఆదివారం. వీరాస్వామి బండి వచ్చింది మంగళవారం. బండి రాకముందే దూడ ప్రాణం పోయింది. అతను దేన్ని దొంగిలించినట్టు?

అప్పుడు పొట్టకింది కుట్టు కనబడింది.

దబ్బనంతో కుట్టిన కుట్టు. పాలేర్లు గోనెసంచి కుట్టినట్టు గజిబిజిగా లేదు. ఏటవాలుగా, ఒకే కొలతలో, నాలుగు కుట్లకి ఒక ముడి. ఊళ్ళో పసిపిల్లలున్న ప్రతి ఇంటివాళ్ళూ గుర్తుపడతారు ఆ ముడిని. బొంత కుట్టించుకోవాలంటే అందరూ అత్తగారి దగ్గరికే వస్తారు. పదకొండు రోజులు సుందరమ్మ కొడుకు పడుకున్న బొంత ఇంకా అటకమీదే ఉంది. దానిమీదా ఇదే ముడి.

"ఉప్పు నువ్వు తియ్యలేదు మరిడమ్మా," అంది సుందరమ్మ. 

"నాకు తెలుసు గదండి," అంది మరిడమ్మ.

వీరరాఘవమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. కోడలు వచ్చి మంచం పక్కన నిలబడినా ఇటు తిరగలేదు. గుడ్డ చుట్టిన వేలు దిండుమీద ఉంది.

"కుట్టు చూశానండి అత్తయ్యగారూ," అంది సుందరమ్మ.

 వీధివైపు ఎవరో దగ్గారు. ఇంటిముందు బండి ఆగిన చప్పుడయింది. మునసబు సుబ్బరాజుగారు వచ్చినట్టున్నారు.

"చూపు పడకూడదన్నాను గదా," అన్నారు వీరరాఘవమ్మ చివరికి.

"గడ్డిమీద పడితే ఏం పోతుందండీ?"

ఆవిడ లేచి కూర్చున్నారు. ముఖం బాగా వాడిపోయి ఉంది. నిత్యానందం ఆదివారం తోలు తెచ్చి, పెరటితలుపు అవతల నిలబడి ఉప్పు కావాలన్నాడట. మద్రాసులో దూడ చస్తే తోలులో గడ్డి కూరి తల్లి ముందు పెడతారు, వాసన పట్టి చేపుతుంది, ఇక్కడివాళ్ళకి కుట్టడం రాదు, మీరు కుట్టిపెట్టండి అన్నాడట. మొదట ఛీ పొమ్మన్నారట ఆవిడ.

"మరి ఎందుకు కుట్టారండీ?"

"వినలేక," అన్నారు వీరరాఘవమ్మ. "అది రాత్రీ పగలూ అరిచింది. కిందటేడు ఈ గదిలో నువ్వు అరిచిన అరుపూ నేనే విన్నాను అమ్మాయీ. నీకు పూలు కట్టాను. దానికేం కట్టను? ఇది కుట్టి ముందు పెడితే ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకుంది."

సుందరమ్మకు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని దానితోపాటు ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు.

"దూడ ఎలా పోయిందండీ?"

"పాలు లేక," అన్నారు ఆవిడ. "తల్లికి పదడుగుల దూరంలో."

"వీరాస్వామి ఏ పాపమూ ఎరగడని పొద్దుటినుంచీ మీకు తెలుసు."

వీరరాఘవమ్మ కళ్ళు దించుకున్నారు. "అబ్బాయి నాకు ఒక్కడే గదమ్మా," అన్నారు. మీ నాన్నగారి ముందు వాడి తల దించడం నావల్ల కాలేదు అని గొణిగారు.

"ఆయనకి తెలుసా అండీ ఈ తోలు సంగతి? మీరు కుట్టారని తెలుసా?"

ఆవిడ మళ్ళీ పడుకుని గోడవైపు తిరిగారు. తెలుసని అర్థమా, తెలియదని అర్థమా?  వీధిలోంచి మునసబుగారి గొంతు వినిపిస్తోంది. పేరేమిటి, ఊరేమిటి, బండి ఎవరిది అని అడుగుతున్నారు. వీరాస్వామి మెల్లగా చెబుతున్నాడు. కాగితం మీద కలం నడుస్తోంది.

నోటిమాట ఎవరు నమ్ముతారు? బిడ్డపోయి మతి చెదిరిందంటారు. అందరి ముందూ పెట్టడానికి ఒక్కటే ఉంది. అది షెడ్డులో ఉంది. దాన్ని తీసుకెళితే చుక్కమ్మ దగ్గర ఆ గడ్డిబొమ్మ కూడా మిగలదు.

సుందరమ్మ రెండోసారి చిన్నతలుపు దాటింది.

చుక్కమ్మ ఇంకా నాకుతూనే ఉంది. నాకినమేర తోలు మెరుస్తోంది. సుందరమ్మ దాని మెడమీద చెయ్యి వేసింది. "నన్ను తిట్టుకోకు తల్లీ," అంది. వెదురుకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని దూడని ఎత్తింది. ఏమీ బరువు లేదు. అంత తేలిగ్గా ఉండటమే ఆమె తట్టుకోలేకపోయింది. పదకొండోరోజు పొద్దున్న తన చేతుల్లోంచి తీసుకున్న మూట కూడా ఇంతే ఉంది.

వెనక గొలుసు ఒక్కసారి బిగిసి మోగింది. ఆమె వెనక్కి చూడలేదు.

వంటిల్లు దాటింది. లోపలి వాకిలి దాటింది. సావిడికీ వీధి అరుగుకీ మధ్యనున్న తెర దగ్గర ఒక్క క్షణం ఆగింది. తరువాత భుజంతో తెర పక్కకి తోసుకుని బయటికి వచ్చింది.

 మునసబుగారు చటుక్కున ముఖం పక్కకి తిప్పుకున్నారు, పరాయి ఇంటి ఆడవారిని చూడకూడదని. వీరాస్వామి లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. సుందరమ్మ ఎవరివంకా చూడకుండా దూడని తీసుకెళ్ళి మునసబుగారి కాగితాల పక్కన నిలబెట్టింది.

"పోయిందన్న దూడ ఇదేనండి," అంది. "మంగళవారం దీన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. ఆదివారానికే దీనికి ఉప్పు రాశారు."

మునసబుగారు ఇటు తిరగక తప్పింది కాదు. దూడవంకా అబ్బాయిరాజువంకా మార్చి మార్చి చూశారు. వీరాస్వామి ముందుకు వచ్చి, వంగి, దూడ నుదుటిమీది తెల్లచుక్కని వేలితో తాకాడు. "ఎంత ఆకలికి మాడిపోయిందోనండి పాపం," అన్నాడు.

అబ్బాయిరాజు చూపు దూడ తలమీద ఆగలేదు. సరాసరి పొట్టకింది కుట్టుమీదికి వెళ్ళి, నాలుగో ముడి దగ్గర నిలిచింది. రక్తం ఇంకిపోయినట్టు అతని ముఖం పాలిపోయింది. ఆ ముడి అతను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఇప్పుడే తెలిసి పాలిపోయాడో, బయటపడిందని పాలిపోయాడో, పక్కనే నిలబడ్డ భార్యకే అంతుపట్టలేదు.

"ఇది ఎవరి పని?" అని మునసబుగారు అడిగారు. "ఎవరు కుట్టారండీ దీన్ని?"

  సుందరమ్మ ఇక్కడిదాకా తెచ్చింది గాని, ఆ పేరు తన నోట రావడం లేదు.

తెర వెనక గాజుల్లేని చెయ్యి ఒకటి తెర అంచు పట్టుకుంది. వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"సుబ్బరాజుగారూ, ఒక్క మాట చెప్పాలండి," అన్నారు వీరరాఘవమ్మ.

ముప్పై ఏళ్ళలో ఆ అరుగుమీద పరాయి మగవాళ్ళు ఆవిడ గొంతు వినడం అదే మొదలు. కొడుకుని కాపాడే మాట చెబుతారో, వీరాస్వామిని విడిపించే మాట చెబుతారో సుందరమ్మకు తెలియలేదు. మునసబుగారు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

షెడ్డులో చుక్కమ్మ మళ్ళీ అరవడం మొదలుపెట్టింది.